దిష్టి నిమ్మకాయ

మదనపల్లె

కుప్పంలో ఉన్న బావగారికి,

మీ ఫోన్ ఎప్పుడూ అక్క చేతిలోనే ఉంటుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "మీ అక్క తోలే తోలుడుకి ఇంజన్ కాలిపోతాండాది. సూడప్పా, ఫ్యాన్ నిలవకుండా తిరగతాండాది" అంటూ ఆమె దగ్గర తాళం లాక్కుని, కారు నా షెడ్డులో వదిలారు కదా. ఇంజన్ చల్లగానే ఉంది. వేడిని కొలిచే సెన్సరును విప్పి, వేడినీళ్లలో ముంచి మీటరుతో చూస్తే అదీ బాగానే ఉంది. చెడింది దాని వైరు. ఆ వైరుకు వేలాడుతున్న దిష్టి నిమ్మకాయ రసం కారి కనెక్టరుకు చిలుము పట్టింది; వేడి ఎంతో కబురు అందక ఫ్యాన్ ఆగకుండా తిరిగింది. గీకి తుడవగానే ఫ్యాన్ ఆగింది.

ఆయుధపూజ నాడు ఆ నిమ్మకాయ కట్టింది నేనే. అక్కను తిట్టింది మీరు. అందుకని వైరును ఎలుక కొరికిందని ఇద్దరం ఒకే మాట చెబుదాం. ఎలుక ఏమీ అనుకోదు.

కారు తీసుకెళ్లాక తాళం మాత్రం అక్కకు ఇచ్చేయండి.

ఇట్లు,
మీ బావమరిది