రాగి రేకు తోమకండి

అత్తయ్యా, పెరటి గదిలో ఉన్న టబ్బు మూత తీయకండి. లోపల తడి రంపపు పొట్టులో, పాతకాలం దానిలా పచ్చబారి ఉండాలని హోటల్ వాళ్లు నాతో చేయిస్తున్న రాగి బోర్డు ఉంది. ఒకవేళ తీసినా, మీకు పుణ్యముంటుంది, నిమ్మచెక్క మాత్రం తగిలించకండి!

చిలుము పట్టిందండీ! పొద్దున పొట్టు తోసి చూస్తే అంచుల్లో నెమలి మెడ రంగు, మధ్యలో లేత పచ్చ. ఎగిరి గంతేశాను. ఈలోపు పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడవలేదు, ఏమనుకోకండి. హోటలాయన్ని వెంటబెట్టుకు రావడానికి పరిగెడుతున్నాను.

పోయినసారి ఉప్పు, వెనిగర్ చల్లి చల్లి నేను తెప్పించిన పచ్చనంతా, "పిల్లకి తోమే తీరిక లేదు పాపం" అంటూ మీరు ఒక్క పూటలో తళతళలాడించేశారు. ఏడవాలో నవ్వాలో తెలీక, ఆ ఉక్రోషంలో రేకుని కడగకుండానే మళ్లీ పొట్టులో కుక్కేశాను.

అన్నట్టు, పైమూలన ఒక్కచోట చిలుము పట్టలేదు. దగ్గరగా చూస్తే మీ బొటనవేలి ముద్ర, గీతలతో సహా! తోమాక అక్కడ పట్టుకుని ఎత్తినట్టున్నారు. చేతి జిడ్డున్న చోట పచ్చ ఎక్కలేదు. హోటలాయన దాన్ని చెరిపేయమంటే ఆయనకి ఇంకోటి చేసిస్తాను. ఇది మనింట్లోనే ఉంటుంది.