పచ్చబడిన క్రోటన్

బిలాస్‌పూర్,
జూలై 1988

మంగాయమ్మ వదినకు, పక్క క్వార్టర్ అనంతలక్ష్మి నమస్కారాలు.

నువ్వు అమ్మాయి పురిటికి బొబ్బిలి వెళుతూ నాకు అప్పగించిన క్రోటన్ బాగానే ఉంది. ఎరుపు, పసుపు ఆకుల మధ్య ఒక్క కొమ్మ మాత్రం ఉత్త పచ్చగా లేచింది. వదిలేస్తే అదే బలిసి మొక్కంతా పచ్చనైపోతుందని మొదలంటా కోసేశాను. కంగారు పడకు.

నీ అనంతలక్ష్మి

తా.క. అన్నయ్య వంట తనే చేసుకుంటున్నారు. రోజూ మాడు వాసనను బట్టి క్షేమంగా ఉన్నారని తెలుస్తోంది.

బొబ్బిలి

అనంతలక్ష్మికి,

కోశావా? ఆ కొమ్మ ఏటి చేశావు? ఆగస్టులో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మొక్కల పోటీ ఉంది. పోయినేడు నా క్రోటన్‌కి మొదటి బహుమతి, నీ క్రోటన్‌కి రెండోది. నేను మర్చిపోలేదు. నువ్వూ మర్చిపోయి ఉండవు.

ఇక దాని జోలికి వెళ్ళకు.

మంగాయమ్మ

తా.క. పాప క్షేమం. ఎవర్నీ నమ్మని చూపు. అచ్చం నా పోలికే.

బిలాస్‌పూర్

వదినా,

కొమ్మ చెత్తలో పడేశాను. కానీ ఇప్పుడు మీ వరండాలో కుండీయే లేదు! అన్నయ్యను అడిగితే, "నాకేటి తెలీదమ్మా, డ్యూటీకి టైమైపోతంది" అని సైకిలెక్కేశారు. మొన్న వెనక క్వార్టర్ అప్పలకొండ భార్య గోనె కప్పి ఏదో మోసుకెళ్ళింది. నాకు అనుమానంగా ఉంది.

బెంగతో,
అనంతలక్ష్మి

తా.క. గోనెలో ఉన్నది పనసకాయట. అయినా ఓ కన్నేసి ఉంచాను.

బొబ్బిలి

అనంతలక్ష్మికి,

వెతకడం మానెయ్యి. నేనే మీ అన్నయ్యకు రాసి బీరువా వెనక దాయించాను. నువ్వు తొంగి చూస్తావని కిటికీ కూడా మూయించాను. నెలాఖరుకి వస్తున్నా.

జాగ్రత్తపడిన మంగాయమ్మ

తా.క. ఆయన్నీ పూర్తిగా నమ్మడం లేదు. రోజూ నీళ్ళు పోస్తున్నానని రాస్తున్నారు గానీ, కార్డు మీద ఒక్క మట్టి మరకా లేదు.

బిలాస్‌పూర్

వదినా,

క్రోటన్‌కి రంగిచ్చేది ఎండ. చీకట్లో పెట్టేసరికి కొత్తాకులన్నీ పచ్చగా వచ్చాయి. పోయిన వారం అన్నయ్య కుండీ మోసుకొచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

"చెల్లెమ్మా, మొత్తం పచ్చబడిపోనాది. మీ వదిన సూసిందంటే నన్ను గతౌరా టేసన్ దాకా తరుముతాది. నీ మొక్క ఇయ్యమ్మా!"

ఆ మొహం చూసి ఇచ్చేశాను. కనుక నువ్వొచ్చేసరికి మీ వరండాలో ధగధగలాడేది నాది. నీది మా పెరట్లో ఎండకు పెట్టాను. చివర్న ఓ ఆకు ఎర్రబడుతోంది. పోటీకి నాదే పట్టుకెళ్ళు.

ఇదంతా నీకు చెప్పనని అన్నయ్యకు ఒట్టేశాను. అందుకే చెప్పడం లేదు, రాస్తున్నాను.

ఎప్పటికీ నీ
అనంతలక్ష్మి

తా.క. బహుమతి ఇచ్చేటప్పుడు "ఎలా పెంచారమ్మా?" అని అడుగుతారు. అప్పుడు నావైపు చూడకు, నాకు నవ్వాగదు.