నేనల్లిన గ్లౌజులు

తమ్ముడూ, బావ ప్రాణానికేం భయం లేదు, కంగారుపడకు. సోమవారం వర్క్‌షాపులో, చెక్క చెక్కే సీఎన్‌సీ మెషీన్‌లో కట్టర్ ఇంకా తిరుగుతుండగానే ఆయన పొట్టు తుడవబోయారు. చేతికున్న ఊలు గ్లౌజును కట్టర్ లాగేసుకుంది. రెండు వేళ్లు పోయాయి. చెక్క పేళ్లు గుచ్చుకుంటున్నాయని ఆ గ్లౌజులు అల్లి ఇచ్చింది నేనే.

ఆ మెషీన్ దగ్గర అవి తొడగకూడదని ఆయనకు తెలుసట. "మరెందుకు తొడిగారండీ?" అని అడిగాను.

"కళ్లు పొడుచుకుని అల్లావు కదే, తొడక్కపోతే చిన్నబుచ్చుకుంటావని," అన్నారు.

అప్పటినుంచి దేవుడి ముందు కూర్చున్నా ఏమని మొక్కుకోవాలో తోచడం లేదు.

అక్కడ నువ్వు నడిపేదీ అలాంటి మెషీనే. నీకు పంపిన జతను ఈరోజే పొయ్యిలో పడేయి నాయనా, నేను చిన్నబుచ్చుకుంటానని చూడకు. కట్టర్ పూర్తిగా ఆగాకే, బ్రష్షుతోనే తుడువు. మరదలికి దగ్గు తగ్గిందా? నీ పది వేళ్లనూ ఆ దేవుడు చల్లగా చూడాలి.

అక్క