మూడో జత అంకెలు

మేడ్చల్,
నవంబరు 9, ఆదివారం.

శోభకు,

నీ బావ సాయినాథ్ రాస్తున్నాను. ఇక్కడ అమ్మ, నేను క్షేమం. నువ్వూ, నీ హాస్టల్లోని ఆడపిల్లలూ జ్వరాలు లేకుండా ఉన్నారని తలుస్తాను. క్షేమం అన్న మాట ప్రతి ఉత్తరంలో చెయ్యి తనంతట తానే రాసేస్తుంది. ఈసారి ఆ మాట రాసి కాసేపు ఆగాను.

అమ్మ కంటి చుక్కలు తానే వేసుకుంటోంది. సగం కంట్లో పడతాయి, సగం చెంప మీద. "మందు గూడ నన్ను ఏడిపిస్తాంది" అని నవ్వుతుంది. బోరు నీళ్లు మునుపటికంటే పావుగంట ఎక్కువ వస్తున్నాయి. ఉట్నూరులో చలి మొదలైందని రాశావు. నీ గోధుమరంగు శాలువా ట్రంకు పెట్టెలోనే ఉంది, పంపుతాను.

అల్వాల్ పెళ్లికి కీబోర్డు వాయించడానికి ఎందుకు పోలేదని అడిగావు. అక్షరాలు నువ్వుగింజల్లా అయిపోతున్నాయి, కాగితం పొదుపు చేస్తున్నావా బావా అని కూడా అడిగావు. పోయినసారి పెన్ను బాగాలేదని రాశాను. పెన్ను బాగానే ఉంది. అసలు సంగతి మొదటినుంచి చెప్పాలి, లేకపోతే నాకు చెప్పడం రాదు.

శ్రావణంలో బ్యాండు ధర్మేందర్ తన కీబోర్డు తెచ్చాడు.

"సాయన్నా, కరెంటు పిన్ను ఊగుతాంది, గంతే. జర జల్దీ జెయ్యి, ముహూర్తాలున్నయ్" అన్నాడు.

పిన్ను అరగంట పని. కానీ ఏ కీబోర్డునైనా తిరిగి ఇచ్చేముందు నేను ఒక పరీక్ష చేస్తాను, నువ్వు చూసే ఉంటావు. బల్ల మీది పాత ల్యాప్‌టాప్‌కు తీగతో కలిపి, నడిమి మెట్టును కుడి చూపుడువేలితో అయిదుసార్లు నొక్కుతాను. ప్రతి నొక్కుకూ తెర మీద మూడు జతల గుర్తులు పడతాయి. వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ భాషను మిడి అంటారు. 90 3C 58 అని పడిందనుకో. 90 అంటే ఎవరో ఒక మెట్టు నొక్కారని. 3C ఆ మెట్టు ఏదో చెబుతుంది. మూడో జత ఎంత గట్టిగా నొక్కారో చెబుతుంది.

అంకెల మధ్య ఈ అక్షరాలేమిటని నువ్వు ఒకసారి అడిగితే నేను సరిగా చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు. ఎవరి దగ్గరా నేర్చుకున్నవాణ్ని కాను కదా, మూడో జతలో అక్షరం పడితే ఆ వరుసను తీగ లోపమని కొట్టేసేవాణ్ని. ఒకరోజు అమ్మ పక్కింటావిడకు పాత అణాల లెక్క చెబుతుంటే తట్టింది. పదహారణాలైతేనే రూపాయి. ఇక్కడా అంతే. తొమ్మిది తర్వాత పదికి A, పదకొండుకు B, అలా పదిహేనుకు F. పదహారు నిండగానే ఎడమవైపు అంకె ఒకటి పెరుగుతుంది. 58 అంటే అయిదు రూపాయల ఎనిమిదణాలు, మొత్తం అణాల్లో ఎనభై ఎనిమిది. అన్నిటికంటే గట్టి నొక్కు 7F, అంటే నూట ఇరవై ఏడు. అంతకు మించి ఉండదు.

ఆ మూడో జతను రోజూ నా పుస్తకంలో రాస్తాను. తేదీ, కీబోర్డు ఎవరిది, అయిదు నొక్కుల విలువలు. ఆరేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు.

ధర్మేందర్ కీబోర్డుకు 31 వచ్చింది. మళ్లీ నొక్కితే 2F.

"మెట్లు గూడ మెత్తవడ్డయి" అన్నాను.

"నా కాడ మస్తు మోగుతాంది అన్నా! నువ్వు పెట్టెకు లేని రోగం అంటగడ్తున్నవ్" అని నవ్వాడు.

నేను వినలేదు. విప్పాను. ప్రతి మెట్టు కింద రెండు రబ్బరు బుడిపెలుంటాయి. మొదటిది తాకిన క్షణానికీ రెండోది తాకిన క్షణానికీ మధ్య ఎంత వ్యవధి పట్టిందో చూసి యంత్రం ఆ విలువ వేస్తుంది. అంటే దానికి బలం తెలియదు, వేగమే తెలుసు. రబ్బరు పట్టీలు స్పిరిటుతో తుడిచాను. 30. పట్టీలే మార్చాను. 2E. ధర్మేందర్ రెండుసార్లు వచ్చి వట్టి చేతులతో పోయాడు. మూడోసారి కోపంగా తీసుకుపోయాడు.

తర్వాత దూలపల్లి భజన మండలి కీబోర్డు వచ్చింది. వేరే కంపెనీ. 2E. ఆ తర్వాత ఒకరు కొత్తగా కొని సరిచూడమని తెచ్చింది, అట్టపెట్టెలోంచి తీసి నాలుగు రోజులు కూడా కాలేదు. 2C. అప్పుడు స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను, శోభా. మూడు కంపెనీల పెట్టెలకు ఒకేసారి ఒకే రోగం రాదు.

పాత పుస్తకాలు దించి వెనక్కి తిప్పాను. మూడేళ్ల కిందట అన్నీ 60కి పైనే ఉన్నాయి. మరుసటి ఏడు 55, 52. పోయిన ఉగాదికి 4A. ఎండాకాలంలో 3D. ఎవరి కీబోర్డైనా అదే దిగుడు. పేజీ పేజీకీ మనిషి మారాడు, పెట్టె మారింది. మారనిది ఒక్కటే ఉంది. నేనే రాసుకున్నాను, నేనే చూడలేదు.

అయినా నమ్మబుద్ధి కాక అమ్మను పిలిచాను. ఆమె ఎప్పుడూ కీబోర్డు ముట్టినది కాదు.

"అమ్మా, ఈడ ఒక్కసారి నొక్కు."

"గిదేంది? షాక్ కొట్టి సస్తనా?"

"కొట్టదే."

"కోడలు ఊర్ల లేనిది జూసి నన్ను సంపుతవా ఏంది?" అంటూ జొన్నరొట్టె తట్టే చేత్తో ఒక్కటి వేసింది.

90 3C 6E. నూట పది. డెబ్భై ఎనిమిదేళ్ల యాదవ్వకు!

తర్వాత నేను నొక్కాను. గట్టిగా, నాకు చేతనైనంత గట్టిగా. 2B. నలభై మూడు. ఎడమచేత్తో నొక్కితే 58 వచ్చింది.

"ఏమొచ్చింది?" అంది అమ్మ.

"నీదే ఎక్కువొచ్చిందే."

"మరి, ఎవని తల్లిననుకున్నవ్?" అని నవ్వబోయి నా ముఖం చూసి ఆపేసింది. తెర మీది గుర్తులు ఆమెకు చదవరావు. పీట లాక్కొని కూర్చుంది.

"పొద్దుగాల నువ్వు పాలకు వోతుంటే ఎన్కనుంచి జూస్తున్న బిడ్డా. ఎడమ చెయ్యి ఊగుతాంది. కుడిది ఊగుతలేదు, కట్టేసినట్టు నిలవడ్తాంది. మీ నాయినకు గూడ ముందుగాల గట్లనే ఆగింది."

"ఎప్పటిసంది జూస్తున్నవ్?"

"బతుకమ్మ కాడికెల్లి."

"మరి జెప్పలే?"

"నువ్వే జెప్తవని."

మా ఇంట్లో మాట ఎంత పొదుపో నీకు తెలుసు కదా.

నీకు గుర్తున్నది చివరి రోజుల గాలయ్య మామ. చేతులు వణికి గుండీ పెట్టుకోలేని మామ, నువ్వు సాసర్లో పోసి చాయ్ తాగించిన మామ. మొదటి రోజును చూసింది నేను. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. నాకు పదిహేనేళ్లు. శామీర్‌పేట చెరువులో నాయిన వల విసిరాడు. ఆయన వల విసిరితే నీళ్ల మీద పళ్లెం పరిచినట్టు గుండ్రంగా విచ్చుకునేది. ఆ రోజు ముద్దగా పడింది. రెండోసారీ ముద్దగానే పడింది. కట్ట మీద వాళ్లు నవ్వారు. నాకు సిగ్గేసి, అందరి ముందు, "తాగొచ్చినవా నాయినా?" అని అరిచాను. ఆయన వల గుంజుకొని భుజాన వేసుకొని ఇంటికి నడిచాడు. వెనక నడుస్తూ చూశాను, ఆయన కుడిచెయ్యి ఊగలేదు. అది వల బరువనుకున్నాను. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆయన ఎలా దిగిపోయాడో ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు. డాక్టరుకూ చూపలేదు. తాగుడని నేను వేసిన పేరే ఊళ్లో నిలిచిపోయింది.

ఇప్పుడు నాకు యాభై రెండు. చెయ్యి ఇంకా వణకడం లేదు. అయినా చొక్కా గుండీకి ముందుకంటే రెండింతలు సేపు పడుతోంది. సన్న తీగలు అతికించేటప్పుడు ఊపిరి బిగబట్టి చూస్తాను, ఇప్పుడు మొదలవుతుందా అని. నగరంలోని పెద్దాసుపత్రికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ గేటు దాకా పోయి, వరుసలో నిలబడ్డ వాళ్ల చేతులు చూసి, అదే బస్సెక్కి తిరిగివచ్చాను. అక్కడ వాళ్లు దానికి పేరు పెడతారు. పేరు పెట్టనంతసేపూ అది కీబోర్డులోనే ఉందని అనుకోవచ్చు కదా.

నీకు చెప్పకపోవడానికి కారణం నీ ఉద్యోగం. పన్నెండేళ్లు ఆగితే నర్సుగా పర్మినెంటు అయ్యావు. ఈ మాట వినగానే రాజీనామా రాసేస్తావని భయం. రాయకు. రాస్తే నేను ఆసుపత్రికి పోను. ఇది బెదిరింపే అనుకో.

ఇంకొక్కటి చెప్పాలి. మిడిలో 90 3C 00 అని కూడా పడుతుంది. మొదట్లో అదీ లోపమనుకొని ఒక మంచి కీబోర్డు విప్పి పాడుచేశాను. తర్వాత తెలిసింది. మొదటి జత నొక్కినట్టే చెబుతున్నా, మూడో జత సున్నా అయితే వేలు తీసేసినట్టే లెక్క. ఈ మధ్య మెట్టు మీద వేలు పెట్టిన ప్రతిసారీ ఆ సున్నాలే గుర్తొస్తున్నాయి. వేలు అక్కడే ఉంటుంది, నొక్కానని నేననుకుంటాను, ఎదుటివాళ్లకు మాత్రం తీసేసినట్టు తెలుస్తుంది.

ఈ నెల పంతొమ్మిది, బుధవారానికి డాక్టరు చీటీ తీసుకున్నాను. గేటు దాటడం నా ఒక్కడివల్ల కాదు. నాలుగు రోజులు సెలవు పెట్టి రా శోభా. అమ్మ కూడా వస్తానంటోంది, వద్దంటే వినేలా లేదు.

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. నువ్వుగింజలన్నావని కాగితం మీద వేలెడేసి ఎడంతో గీతలు గీసుకొని, మొదటి పేజీలో ప్రతి అక్షరం గీత నిండా రాశాను. ఈ పేజీకి వచ్చేసరికి మళ్లీ చిన్నవైపోయి ఉంటాయి. నాకైతే ఇప్పుడు కూడా పెద్దగానే రాస్తున్నట్టుంది. చదవరాని చోట ఏముందో ఊహించుకొని భయపడకు. వచ్చి నన్నే అడుగు. ఈసారి చెబుతాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
నీ బావ
సాయినాథ్