నాలుగో పాటకు ముందు దగ్గు

చెల్లెలికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరూ క్షేమం. ఈ ఇంట్లో అందరూ అంటే నేనొక్కదాన్నే కనుక ఆ మాటకు పూచీ కూడా నాదే. నువ్వూ మరిదిగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి మనసు కుదుటపడింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గలేదు. దానికి నేనూ, నాకు అదీ అలవాటు పడిపోయాం. మేడ మెట్లు రోజుకు రెండుసార్లకు మించి దిగడం లేదు. కింది వాటాలోకి బట్టలు కుట్టే ఆవిడ అద్దెకు వచ్చింది. మంచిదే కానీ నోరు కొంచెం పెద్దది. నీ దగ్గరికి వచ్చి ఉండమన్నావు. ఆ మాట మళ్ళీ ఎత్తకు. నా గిన్నె నేను కడుక్కోగలిగినంత కాలం ఇంకొకరి వంటింట్లో చుట్టంలా కూర్చోలేను, ఆ ఇంకొకరు నువ్వయినా సరే. ఇక ఫోను ఎందుకు ఎత్తడం లేదని నాలుగు ఉత్తరాలుగా నిలదీస్తున్నావు. అది చివర రాస్తాను. ముందు పత్రిక సంగతి.

ఈ సంచికతో పత్రిక ఆపేస్తున్నాను. నూట తొంభై ఆరో సంచిక. ఎందుకని అడగడానికి అందరికంటే ముందు హక్కున్నదానివి నువ్వు. అందుకే ప్రెస్సుకు పంపే ముందు నీకు రాస్తున్నాను.

కాలేజీ హాస్టల్లో మన గది నీకు గుర్తుండే ఉంటుంది. వార్డెనమ్మ దగ్గర బతిమాలి తెచ్చుకున్న రికార్డు ప్లేయరు, ఆ ఇంగ్లండు బృందం రెండో రికార్డు, అట్ట మీద గోడకు చేరబడి మనవైపు చూడని ఆ నలుగురు. సెలవుల్లో ఇంటికి తీసుకెళ్తే అమ్మ ఆ అట్టను వేలితో పొడిచి, "ఈ జులపాల వాళ్ళు నీకు కూడు పెడతారటే? కనీసం నీ పేరన్నా తెలుసా వాళ్ళకి?" అంది. "వాళ్ళ పేర్లు నాకు తెలుసు, చాల్లే" అన్నాను. నువ్వు తలుపు చాటున నోరు మూసుకుని నవ్వావు.

మూడో పాట అయ్యాక కాసేపు నిశ్శబ్దం. తర్వాత డ్రమ్ముల కర్రలు ఒకదానికొకటి మూడుసార్లు తగులుతాయి. మూడో దెబ్బ దగ్గర ఎవరో చిన్నగా దగ్గుతారు. డ్రమ్ములు వాయించేవాడిదే ఆ దగ్గు అన్నావు నువ్వు. కాదు, బేస్ గిటారు అతనిది అన్నాను నేను. దాని మీద పదిహేను రోజులు మాటలు మానేసుకున్నాం. మాట్లాడుకోకుండా వాదించుకోవాలి కనుక కాగితాల మీద రాసుకున్నాం. ఎడమ పేజీలో నీ వాదన, కుడి పేజీలో నాది. నువ్వు స్టెన్సిల్ కోసి సైక్లోస్టైల్ తీయిస్తే అదే మొదటి సంచిక అయింది. దాని నెత్తి మీద నీ గుండ్రటి అక్షరాలతో ఒక నియమం రాశావు: "చెవితో విననిది చేత్తో రాయము." నీ పెళ్ళయి నువ్వు వెళ్ళిపోయినా, నేను ఫిజిక్స్ లెక్చరరుగా చేరి అక్కడే రిటైరయినా, ప్రతి సంచిక అట్ట మీదా ఆ మాట ఉంటూనే వచ్చింది.

దాన్ని నేను ఎంత కచ్చితంగా పాటించానో నీకు తెలుసు. లైబ్రేరియన్ గారు మన పత్రికలో అందరికంటే బాగా రాసేవారు. బేస్ గిటారు అతను ఒక్కడే వచ్చి చేసిన కచేరీ గురించి ఆయన పంపిన వ్యాసం చదివి నాకు ఒళ్ళు పులకరించింది. తీరా చూస్తే, ఆయన అంతగా మెచ్చుకున్న ఆఖరి పాట ఆ రోజు అసలు పాడనే లేదట; కరెంటు పోయి కచేరీ మధ్యలోనే ముగిసిందట. ఆయన ఆ హాలు గడపే తొక్కలేదు. ఆ సంగతి మరుసటి సంచికలో గడి కట్టి మరీ వేశాను. ఆయన ఒక్క వాక్యం రాసి పంపారు: "మీరు వేసింది నిజమే." ఆ తర్వాత ఆయన ఎవరికీ ఏమీ రాయలేదు. నాలుగేళ్ళ కిందట పోయారు. ఆ రోజు ఎందుకు వెళ్ళలేకపోయారో నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఇప్పుడు నా సంగతి. మన రెండో రికార్డుకు యాభై ఏళ్ళు నిండాయని కంపెనీ వాళ్ళు దాన్ని శుభ్రం చేసి కొత్తగా విడుదల చేశారు. మన పత్రికకూ ఒకటి పంపారు. పోయిన సంచికలో దాని మీద మూడు పేజీల సమీక్ష రాశాను. నాలుగో పాటకు ముందు దగ్గు ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గినంత స్పష్టంగా వినిపిస్తోందనీ, అది బేస్ గిటారు అతనిదేనని ఇక అనుమానానికి తావు లేదనీ, పోటీలో గెలిచినదానిలా రాశాను.

కొత్త రికార్డులో ఆ దగ్గు లేదు. శుభ్రం చెయ్యడమంటే అదే, తుడిచేశారు.

పది రోజుల్లో ముప్పై ఏడు ఉత్తరాలు వచ్చాయి. మర్యాదస్తులు "పొరపాటు పడినట్టున్నారు" అన్నారు. మిగతావాళ్ళు మన నియమాన్నే నాకు తిరిగి రాసి పంపారు. పోయిన మంగళవారం రైలింజను డ్రైవరు స్వయంగా వచ్చాడు. ఇరవై రెండేళ్ళ చందాదారు, ఏ సంచికా ఆలస్యంగా చేరిందని ఒక్కనాడూ సణగని మనిషి. కొత్త రికార్డు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"అక్కగారూ, అందరూ ఏవేవో అంటున్నారు. మీ నోటితో వింటేగాని నమ్మనని చెప్పి వచ్చాను. ఇది విన్నారా, వినకుండా రాశారా?"

నేను అతని మొహం వైపే చూస్తున్నాను.

"అరిగిపోయిన రికార్డు ఏదో విని ఇదనుకున్నారేమో. అలా అనండి, నేను అందరికీ చెప్పుకుంటాను."

"లేదు. వినలేదు" అన్నాను.

"లైబ్రేరియన్ గారిని ఆ రోజు అంత మాటన్నారే!" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. రికార్డు మళ్ళీ సంచీలో పెట్టుకుని, మెట్లు దిగబోతూ తల తిప్పి ఏదో అన్నాడు. అది నాకు తెలియలేదు.

ఎందుకు తెలియలేదో ఇక రాయాలి. చెల్లీ, నాకు చెవులు వినిపించడం లేదు. రెండేళ్ళయింది. మొదట కుడి చెవి, ఆరు నెలలకు రెండోది. డాక్టరు పరీక్ష చేసి, యంత్రం పెట్టుకున్నా మోతే తప్ప మాట తెలియదని కాగితం మీద రాసి చూపించాడు. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదవులు చూసి గ్రహిస్తాను. తల తిప్పితే ఆ మనిషి నాకు గోడతో సమానం. ఎవరికీ చెప్పలేదు. అయ్యో పాపం అని నలుగురూ నా భుజం తట్టే కంటే, పొగరుబోతు ముసలిది, పలకరిస్తే పలకదు అనుకోవడమే నయమనిపించింది. పాత పాటలన్నీ నాకు కంఠతా వచ్చు కనుక పత్రికకు లోటు రాదనుకున్నాను. కొత్త రికార్డు వచ్చినప్పుడు దాన్ని ప్లేయరు మీద పెట్టి, ముల్లు దించి, ఎదురుగా కుర్చీ వేసుకుని, అది తిరుగుతుంటే నలభై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. ప్రతి పాటా దాని సమయానికి నా తలలో మోగింది. దగ్గు కూడా. విన్నాననే అనుకున్నాను. మోసం చేస్తున్నానని ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారైనా తట్టలేదంటే నమ్ముతావా?

డ్రైవరు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం మన పాత రికార్డు తీశాను. శబ్దమంటే కదలికే తప్ప మరొకటి కాదని ముప్పై మూడేళ్ళు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. స్పీకరు ముందు గుడ్డ ఊడదీసి, శబ్దం పూర్తిగా పెంచి, వేళ్ళ కొసలు దాని లోపల అదిరే అట్టకు ఆనించాను. పాటలు తెలియలేదు, బండి చక్రాల అదురులాగే ఉంది. కర్రల దెబ్బలు మాత్రం తెలిశాయి. ముల్లు వెనక్కి జరిపి ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. ఒకటి, రెండు, ఆపైన మూడు. మూడోది వెంట్రుకవాసి ఆలస్యం. ప్రతిసారీ అంతే. ఇన్నేళ్ళుగా ఆ దగ్గు మీదే చెవి పెట్టాను కానీ ఆ ఆలస్యాన్ని పట్టించుకోలేదు. కర్ర పట్టుకున్నవాడే దగ్గితే తప్ప చెయ్యి అలా తడబడదు.

అప్పటికి ఎవరో తలుపు బాదుతున్నారని కాళ్ళ కింద నేల అదిరి చెప్పింది. తీస్తే కింది వాటా ఆవిడ, మెడలో కొలత టేపు, చేతిలో కత్తెర.

"ఏంటి పెద్దమ్మా ఈ మోత! గోడలు కూలేట్టున్నాయి. చెవులేమన్నా పోయాయా నీకు?"

"పోయాయమ్మా" అన్నాను.

చెప్పాలని అనుకోలేదు, వచ్చేసింది. ఆవిడ కత్తెర కింద పెట్టి, లోపలికి వచ్చి, ఏ బొత్తాం నొక్కాలో తెలియక ప్లేయరు చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి తీగ లాగేసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, పెదవులు పెద్దవి చేసి, "అన్నం తిన్నారా?" అంది. అంతవరకూ నన్ను "నువ్వు" అన్న మనిషి "మీరు" అంది. నేను భయపడింది సరిగ్గా దానికే.

ఆఖరి సంచిక తయారైంది. మొదటి పేజీలో లైబ్రేరియన్ గారి ఆ వ్యాసమే మళ్ళీ వేస్తున్నాను, గడి లేకుండా. రెండో పేజీలో నా సంపాదకీయం. దగ్గు కొత్త రికార్డులో లేదనీ, పాత రికార్డులో ఉన్నది డ్రమ్ములు వాయించేవాడిదేననీ, సంపాదకురాలికి రెండేళ్ళుగా వినికిడి లేదనీ మూడు వాక్యాలు. కింద సంతకం. నాలుగో వాక్యం రాయబోయాను. అది సంజాయిషీలా ఉందని కొట్టేశాను. అట్ట మీద ఈసారి నియమం ఉండదు. దాన్ని అచ్చువేసే నీ అక్షరాల బ్లాకు ఈ ఉత్తరంతోపాటు పంపిస్తున్నాను, దాచుకో.

ఇక ఫోను. అది మోగితే పక్కన చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతుంది. ఆదివారం పదకొండు గంటలకు కుర్చీ జరుపుకుని దాని పక్కన కూర్చుంటాను. పద్ధెనిమిదిసార్లు వెలుగుతుంది. నువ్వు విసుక్కుని పెట్టేస్తావు. ఒక్కోసారి వెంటనే ఇంకోసారి చేస్తావు. ఆ రికార్డులో ప్రతి చప్పుడూ నాకు గుర్తుంది కానీ నీ గొంతు ఎంత తలుచుకున్నా హాస్టల్ గదిలో నవ్వే పిల్లదే వస్తుంది. ఇప్పటి నీ గొంతు రాదు. అది కంఠతా పట్టుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

బయలుదేరి రావద్దు. జాలిపడి ఉత్తరం రాయవద్దు, పోట్లాడుతూ రాయి. ఆదివారాలు మాత్రం ఫోను చెయ్యడం మానకు. నేను ఎత్తను. పద్ధెనిమిదిసార్లూ వెలగనివ్వు.

ఇట్లు,
పందెం ఓడిపోయిన
నీ అక్క