ముందు గోళీ, తర్వాతే చాయ్

కృపా,

రాయికోడ్‌లో మా చెల్లె పోయిందని ఫోన్ వచ్చింది. నువ్వు నిద్రలో ఉన్నావని లేపలేదు. మొదటి బస్సుకు పోతున్నాను.

థైరాయిడ్ గోళీ, నీళ్ల గ్లాసు నీ పక్కన స్టూలు మీద పెట్టాను. లేవగానే ఉత్త నీళ్లతో మింగు. గంటదాకా చాయ్ ముట్టకు. ఐరన్ గోళీ మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకో, రెండూ కలిపితే థైరాయిడ్ గోళీ సరిగ్గా పనిచేయదు. గురువారం స్కానింగుకు దేవరాజ్‌ను వెంటబెట్టుకొని పో. కడుపులో బిడ్డ మెడ వెనక నీరు కొలిచేది ఈ నెలలోనే, దాటితే ఆ స్కానింగు చేయరట. థైరాయిడ్‌కు రక్తం కూడా ఆ రోజే ఇచ్చి రా.

నిన్న మీ అమ్మతో ఫోన్‌లో "మా అత్త పేపర్లు చదివి చదివి డాక్టరైంది, చాయ్ గూడ తాగనిస్తలేదు" అని నవ్వావు. విన్నాను. నేను బడికి పోనిదాన్నే, చదవడం రాయడం ఇంట్లోనే నేర్చుకున్నాను. నీ మొగుడు దేవరాజ్ కూడా "ఉత్త థైరాయిడే గదనే అమ్మా, గింత ఫికరెందుకు" అన్నాడు. వాని చెల్లె నాగరాణికి అత్తగారింట్లో ఇదే మాట చెప్పి గోళీ మాన్పించారు. మూడో నెలలో కడుపు పోయింది. మానినందుకేనా అంటే డాక్టరమ్మే చెప్పలేకపోయింది. ఏమీ కాదని మీ ఇద్దరికి ఎవరు చెప్పారు?

ఇప్పుడు చెల్లెను సాగనంపడానికి పోతున్నాను. ఇంకొకరిని సాగనంపే ఓపిక నాకు లేదు.

చాయ్‌పత్తి డబ్బా వెతకకు, నా సంచిలో ఉంది. దేవరాజ్‌ను దుకాణానికి పంపుతావని తెలుసు. పంపు. వాడు లేచి, షట్టర్ తెరిచేదాకా నిలబడి తెచ్చేసరికి గంట దాటుతుంది.