ఉరుకుందు దేవర కాడు, మనిషేనని మనవి

బండకొత్తూరు,
తేది 24-5-1955

శ్రీయుత తహసీల్దారు వారి సముఖమునకు,

బేతంచెర్ల రైలు స్టేషనుకు రెండు మైళ్ల దూరాన గల బండకొత్తూరు కాపురస్తురాలు, బాలికల పాఠశాల మాజీ ప్రధానోపాధ్యాయిని, అరవైమూడేళ్ల గంగాదేవి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరి ఫుట్‌బాలు బయలు పొరపాటున దేవర స్థలముగా నమోదు అయినందునను, సదరు దేవర అలిగి ఊరు విడిచిపోయినందునను, జూన్ అయిదవ తేదీలోగా ఆయనను తిరిగి మనిషిగా మార్చవలసినదని కోరుట గురించి.

పై విషయం చదివిన వెంటనే తమరు ఈ కాగితాన్ని పక్కన పెట్టకుండా ఉండేందుకు నా సంగతి ముందుగా మనవి చేసుకుంటాను. ముప్పైయొక్క సంవత్సరాలు పాఠాలు చెప్పాను. మతి స్థిరంగానే ఉంది. మనవళ్లు ఏడుగురు, ఫుట్‌బాలు జట్టుకు ఇంకా నలుగురు తక్కువ. ఊరివారి అర్జీలన్నీ నేనే వ్రాస్తాను. ఇది మాత్రం నా సొంత అర్జీ అనుకున్నా తప్పు లేదు.

1. ఉరుకుందు అనునతడు మా ఊళ్లో నాపరాయి బండలకు నునుపు పట్టే పనివాడు. వయసు నలభైరెండు. ఎడమ మోకాలు పూర్తిగా ముడవదు. మా వైపు ఉరుకుందు దేవరకు మొక్కుకుని కన్న బిడ్డలకు ఆ పేరు పెట్టుకోవడం వాడుక గనుక వీధికొక ఉరుకుందు దొరుకుతాడు. అయితే బయల్లో నిలబడి ఆ పేరు పలికితే ఒక్కడే. పదునాలుగేండ్లు బండకొత్తూరు జట్టుకు ముందు వరుసలో నడిమిన ఆడినవాడు. పంచె ఎగదోపి, మోకాళ్లకు ఆముదం రాసుకుని, వట్టి కాళ్లతో ఆడేవాడు. బంతి అతనికి అందిందంటే ఊరంతా "ఉరుకు, ఉరుకుందూ, ఉరుకు" అని అరిచేది. కర్తలోనే క్రియ ఇమిడి ఉన్న వాక్యం అంతకంటే మంచిది నాకు దొరకలేదు. వ్యాకరణ పాఠంలో చాలా ఏళ్లు వాడుకున్నాను.

2. అతడు ఆట మానుకుని ఆరేండ్లయింది. ఊరు మానుకోలేదు. మంగలి గోపన్నను కూతురి వయసు అడిగితే సంవత్సరం చెప్పడు. "రైల్వే వాళ్లను గెల్చిన మూడో దినం పుట్టె" అంటాడు. మద్దయ్య అనే ఆసామి ఉరుకుందు గోలు కొట్టినప్పుడల్లా తలపాగా గాలిలోకి విసిరేవాడు. ఆ విధంగా పోగొట్టుకున్న తలపాగాలు నేనెరిగినవే నాలుగు. ఆ రోజుల్లో మా బయలు పక్కన గూడ్సుబండి అనవసరంగా నెమ్మదించేది. కారణం ఏమని రైల్వే వారు విచారిస్తే మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పము.

3. మా ఊళ్లో కరువు కట్టెకేగాని రాతికి లేదు. అందుచేత గోలుకు సైతం రెండు నాపరాతి బండలు నిలువుగా పాతుకున్నాము. 1946 ఎండాకాలంలో బూట్లు తొడుక్కున్న రైల్వే జట్టు మా మీదికి వచ్చింది. చెరొక గోలుతో సమంగా ఉండి, ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉండగా ఉరుకుందు కొట్టిన బంతి ఎడమ రాతికి తగిలి లోపలికి పోయింది. రాతికి పూసిన సున్నం పెచ్చులుగా రాలింది. రాలిన చోట, పైనుండి జానెడు పొడవున చీలిక కనిపించింది. బంతితో బండను పగలగొట్టిన మొనగాడని ఆ సాయంత్రమే అతన్ని భుజాల మీద ఊరేగించారు. నాటి నుండి అది ఉరుకుందు రాయి.

ఆ ఆటకు రెఫరీ మా వారు. ఆఫ్‌సైడు అంటే ఏమిటో ఆయనకు చివరిదాకా తెలియలేదు. సందేహం వచ్చినప్పుడు బండల దొంతి మీద గొడుగు వేసుకుని కూర్చున్న నా వైపు చూసేవారు. గోలైతే నేను గొడుగు ముడిచేదాన్ని. ఆనాడు ముడిచాను. ఆయన ఇప్పుడు లేరు గనుక ఈ సంగతి వ్రాయడానికి అభ్యంతరం లేదు.

4. ఇక పొరపాటు జరిగిన విధము. మొన్న ఫిబ్రవరిలో భూములు కొలిచే ఉద్యోగి ఒకరు మా ఊరికి వచ్చారు. దూరప్రాంతం వారు, మర్యాదస్తులు. బయల్లో చీలిన రాయి చూసి, అక్కడున్న కంబన్నను అదేమిటని అడిగారట. కంబన్న మా ఊరి గొంతు గల అభిమానులలో మొదటివాడు.

"ఇది ఉరుకుందు రాయి సామీ. ఆయప్ప కొట్టిన దెబ్బకు పగిలింది. తొమ్మిదేండ్లాయ, ఇంగా జనం వచ్చి చూసిపోతాండారు."

"ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడు?"

"యాడికి పోతాడు సామీ, ఈడనే ఉండాడు. దినామూ పొద్దుగూకే యాళకు వస్తాడు."

"వస్తే కనిపిస్తాడా?"

"కండ్లుంటే యాల కనపడడు?"

ఉద్యోగిగారు చెప్పులు విడిచి రాతికి నమస్కారం చేశారు. దూరప్రాంతం మనిషికి కూడా ఫుట్‌బాలు మీద ఇంత భక్తి ఉన్నందుకు కంబన్న కండ్లనీళ్లు పెట్టుకుని తానూ చేశాడు. ఉద్యోగిగారు పుస్తకం తీసి "ఉరుకుందు దేవర స్థలము, దైవశక్తిచే చీలిన శిల గలదు" అని వ్రాసుకుపోయారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. అదే ఈ కేసులోని చిక్కు.

5. రెండు నెలలకు బోర్డు దిగింది. దాని మీది అక్షరాలు ఇవి: "దేవర స్థలము. పాదరక్షలు, తోలు వస్తువులు లోనికి తేరాదు." పాదరక్షల విషయంలో మాకు పేచీ లేదు, మావాళ్లకు లేనే లేవు. బంతి తోలుది. గుడ్డబంతితో ఒకవారం ఆడి చూశారు. అది గాలిలోకి లేవదు, లేచినా ఆకాశంలో ఆలోచిస్తూ ఉంటుంది. తోలుబంతి తలారి బొజ్జన్న స్వాధీనంలో ఉన్నది. అతడు దినమూ సాయంత్రం దాన్ని ఒళ్లో పెట్టుకుని బోర్డు కింద కూర్చుంటాడు. నిఘా అని అంటాడు. మొన్న దానికి ఆముదం పట్టిస్తూ ఉంటే నేను చూశాను.

6. ఇంతవరకు నవ్వుకోదగిన సంగతులే. మల్లక్క అనే ఆమె బిడ్డకు రెండేళ్లు నిండినా నడక రాలేదు. ఉరుకుందు పేరున్న దేవర గదా, బిడ్డ ఉరుకుతాడని ఎవరో చెబితే టెంకాయ పట్టుకుని వచ్చింది. ఆమె పొరుగూరి నుండి వచ్చిన కోడలు. ఎవరు ఎవరో తెలియదు. అప్పుడు ఉరుకుందు ఆ రాతికి ఆనుకుని, మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఆట మానుకున్నా, కుర్రజట్టుకు నేర్పడానికి దినమూ వచ్చి కూర్చునే చోటు అది.

"పక్కకు జరుగప్పా," అన్నది మల్లక్క. "దేవర కాడ కాలు చాపుకోని కూచుంటివే, భయం లేదా?"

అతడు లేచాడు. బిడ్డను ఎత్తుకోవడానికి వీలుగా టెంకాయ తానే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఇంటికి పోయాడు. మరునాడు బయలుకు రాలేదు. మూడోనాడు ఊళ్లోనే లేడు.

(మల్లక్క బిడ్డ పోయిన శుక్రవారం నుండి నడుస్తున్నాడు. ఈ వాస్తవం మా వాదానికి హాని చేస్తుందని తెలిసీ, దాచడం నా అలవాటు కాదు గనుక వ్రాస్తున్నాను. ఇరవై నెలలు పైబడిన బిడ్డలు దేవరలతో నిమిత్తం లేకుండా నడుస్తారని నా అనుభవం.)

7. విచారించగా ఉరుకుందు నందికొట్కూరులో అక్క ఇంట చేరి, సంతలో మూటలు ఎత్తుతున్నాడని తెలిసింది. ఆ మోకాలితో. నేను బస్సెక్కి పోయాను. చూడగానే పీట వేసి కూర్చోబెట్టాడు, మజ్జిగ తెప్పించాడు, మాట మాత్రం వినలేదు.

"ఆయమ్మది తప్పు లేదు పంతులమ్మా. బోర్డు మీద రాసుండాది గదా. నా గోలు కాడనే నన్ను జరగమంటే, ఇంగ నేను యాడ కూచోవల్ల? సర్కారు రాసింది సర్కారే కొట్టెయ్యల్ల. అంతదాకా ఆ బయల్లో కాలు పెట్టను."

జూన్ అయిదు ఆదివారం బనగానపల్లె జట్టు మా మీద ఆడడానికి వస్తున్నది. బయలు లేకపోతే ఆడకుండానే గెలిచినట్టు వ్రాసుకుంటామని కబురు పెట్టారు, దానితోపాటు ఓదార్పుగా ఒక గంప మామిడిపండ్లు కూడా పంపారు. పండ్లు తిన్నాము. ఓదార్పు పుచ్చుకోలేదు. అయితే అసలు బాధ అది కాదు. ఓడిపోవడం మాకు కొత్త కాదు. ఆ రాతికి ఆనుకుని కూర్చునే మనిషి లేకుండా గెలిచినా, ఎవరి వైపు చూసి కేక వేయాలో మావాళ్లకు తెలియదు.

ప్రార్థన: కావున తమరు దయచేసి,

(అ) పుస్తకంలో 'దేవర' అను మాట కొట్టివేయించి 'ఆట' అని వ్రాయించవలెను. అక్షరాలు తక్కువే పడతాయి.

(ఆ) బోర్డు తీయించవలెను. దాని పలకను గోలు లెక్క వ్రాసుకోవడానికి మాకు ఇప్పించినా సంతోషమే.

(ఇ) ఉరుకుందు అనునతడు సజీవుడైన మనిషియేనని, బండకొత్తూరు బయల్లో తన ఇష్టమొచ్చిన రాతికి ఆనుకుని, ఇష్టమొచ్చినంత సేపు కాలు చాపుకుని కూర్చునే హక్కు గలవాడని తమ మొహరుతో ఒక చీటీ ఇప్పించవలెను. దాన్ని నందికొట్కూరు తీసుకుపోయే బాధ్యత నాది.

కింద ఊరివారి వేలిముద్రలు నూట పదునాలుగు. తలారి బొజ్జన్న ఉద్యోగధర్మం చేత వేయలేదు, కాని సిరాబుడ్డి పట్టుకున్నాడు. కంబన్న సంతకం చేశాడు. చివరి అక్షరానికి వత్తు లేదు. మా పాఠం ఇంకా అంతదూరం రాలేదు.

ఇంతకు మించి వ్రాస్తే అర్జీ కాదు, చరిత్ర అవుతుంది. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గంగాదేవి

తా.క. తహసీల్దారు నాయనా, నా వయసుకు ఈ పిలుపు చెల్లుతుంది, పైదంతా మీ తాలూకా కచేరీకి. ఈ ముక్క నీ ఒక్కనికి.

రైల్వే వాళ్ల ఆటకు ముందునాడు మా బడి వసారాకు బండలు తోలించుకుంటున్నాను. బండివాడు హనుమన్న జ్వరంతో పడుకున్నాడు. ఎద్దులకు నేనంటే గౌరవమేనని నమ్మి పగ్గాలు నేనే పట్టుకున్నాను. బయల్లో మలుపు తిప్పేటప్పుడు బండి ఇరుసు కొన వెళ్లి ఆ ఎడమ రాతికి కొట్టుకున్నది. పైనుండి జానెడు చీలింది. ఉరుకుందు ఒక్కడే ఉన్నాడక్కడ, రెండో రాతికి సున్నం పూస్తూ. చీలికను చూశాడు, నన్ను చూశాడు. "మీరు పొండి పంతులమ్మా, నేను సున్నం పూస్తాండా గదా," అన్నాడు. మందంగా పూశాడు. మరునాడు బంతి తగిలి ఆ సున్నమే రాలింది. ఊరంతా కేకలు వేస్తుంటే, భుజాల మీది నుండి బండల దొంతి వైపు ఒకసారి చూసి నవ్వాడు. తొమ్మిదేండ్లలో ఎవరికీ చెప్పలేదు.

దైవశక్తిచే చీలలేదనడానికి పైవాళ్లు రుజువు అడిగితే ఈ ముక్క చూపించు, నా పేరు దాచవద్దు. అడగకపోతే పొయ్యిలో వేయి. కంబన్న వచ్చే నెలకు వత్తులు నేర్చుకుంటాడు, వాని కంట ఇది పడకూడదు.

చీలిక నా బండిది. గోలు మాత్రం అతనిదే. దానికి సాక్ష్యం చెప్పడానికి యాడికి పిలిచినా వస్తాను, గొడుగు కూడా తెస్తాను. అయిదో తేదీ మాత్రం పిలువకు, తీరిక ఉండదు.